ముసురు రోజుల్లో ఇంట్లో హాయిగా ఉండటం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

అక్టోబరు వచ్చిందంటే మన రెండు జిల్లాల్లో ఊపిరాడదు. దసరా ఖర్చు తీరకముందే దీపావళి వస్తుంది. నెల్లూరు వైపు నారుమళ్లు, ప్రకాశం వైపు పొగాకు నాట్లు, శనగ విత్తనాలు, రొయ్యల గుంటలున్నవాళ్లకు కరెంటు టెన్షన్. వీటి మధ్యలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో ఎర్ర అక్షరాలు. "ఈ రెండు నెలలు ఇంట్లోనైనా కాస్త నిమ్మళంగా ఉండాలంటే ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇందులో ముఖ్యమైనది వరుస. ముందు ఇల్లు పొడిగా ఉండాలి, తర్వాత వెలుతురు, తర్వాత వేడివేడి తిండి, ఆఖర్న కాలక్షేపం. కాళ్ల కింద తడి చాప ఉంటే ఎంత మంచి కాఫీ తాగినా హాయి అనిపించదు. మాత్రలు అయిపోయాయేమో అన్న దిగులుంటే పాటలు చెవికెక్కవు.

## 1. మీ ఊరికి ఏ కాలమో చూసుకోండి

నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వల్లే పడుతుంది. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కాబట్టి నవంబరు వెళ్లిపోయింది, ఇక ఫరవాలేదు అనుకోవడానికి లేదు. డిసెంబరు రెండో వారం దాకా సిద్ధంగానే ఉండాలి.

కావలి, కొత్తపట్నం, సింగరాయకొండ లాంటి తీరం ఊళ్లలో ప్రధాన సమస్య తడి, గాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాన తక్కువ, తెల్లవారుజామున చలి ఎక్కువ. అటువైపు వాళ్లు మూడో, నాలుగో అంశాలను పైపైన చదివి, అయిదు నుంచి నిదానంగా చదివితే సరిపోతుంది.

## 2. ఎండ ఉన్న రోజే దిగులు పెట్టే పనులు తీర్చేయండి

ముసురు పట్టాక చేసే పనికి రెండింతల శ్రమ. ఆకాశం తెల్లగా ఉన్న ఒక్క పూట కేటాయించి ఇవి ముగించండి:

- డాబా మీద నీళ్లు పోయే తూములో ఆకులు, ఇసుక తీసేయడం. ఒక బక్కెట్ నీళ్లు పోసి, నీరు గబగబా దిగుతోందో లేదో కళ్లారా చూడటం
- బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు కనీసం 10 రోజులకు సరిపడా తెచ్చుకోవడం
- గ్యాస్ సిలిండర్ ఎంత ఉందో చూసి, తక్కువుంటే బుక్ చేయడం
- ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడటం
- ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు కాగితాలు జిప్ కవర్లో పెట్టి ఎత్తైన అరలో ఉంచడం
- కరెంటు ఫిర్యాదుకు 1912, అత్యవసరానికి 112 నంబర్లు ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించడం
- కాస్త చిల్లర నగదు విడిగా దాచడం. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు

సరుకులు మూడు రోజులకు మించి పోగేయనక్కర్లేదు. మూడు రోజులకు మాత్రం తప్పకుండా ఉండాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. అలాంటప్పుడు పాల ప్యాకెట్ కూడా దొరకదు. ఒక పాలపొడి డబ్బా ఇంట్లో ఉంటే పొద్దున్నే కాఫీ కోసం ఎవరూ తడవాల్సిన పని లేదు.

## 3. తడిని గడప దగ్గరే ఆపండి

ఇల్లంతా తుడుస్తూ కూర్చోవడం కంటే గడప దగ్గర మూడడుగులు సరిచేసుకోవడం తేలిక.

గడప బయట గోనెపట్టా వేయండి. అది బురద పట్టుకుంటుంది. గడప లోపల పాత నూలు దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి. అది తడి పీలుస్తుంది. దాని పక్కనే ఇంట్లో తిరిగే పొడి చెప్పులు, గోడ మేకుకు ఒక పల్చటి తువ్వాలు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఈ వరుసలోనే లోపలికి రావాలి: పట్టా, దుప్పటి, తువ్వాలు, చెప్పులు. పిల్లలకు రెండు రోజులు చెప్తే మూడో రోజు వాళ్లే పెద్దవాళ్లకు చెప్తారు.

గొడుగులను తలుపు వెనక నిలబెట్టకండి. వరండాలో ఒక పాత బక్కెట్ పెట్టి అందులో ముడిచి ఉంచండి. పొద్దున్నే ఆ నీళ్లు పారబోయాలి, లేకపోతే దోమలకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. డెంగీ దోమ పగలు కుడుతుంది, నిలవ మంచినీళ్లలోనే పెరుగుతుంది. కూలర్ అడుగు, పూలకుండీల కింది పళ్లాలు, డాబా మీద పడేసిన టైర్లు వారానికి ఒకరోజు ఖాళీ చేసి ఆరబెట్టండి.

## 4. బట్టలు: ఈ కాలంలో అసలు తలనొప్పి

అందరూ ఎక్కువగా అడిగేది దీని గురించే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఎన్ని ఉతకాలి. మూడు రోజుల బట్టలు కలిపి ఉతికితే ఏవీ ఆరవు. రోజూ కొన్నే ఉతకండి. స్కూలు యూనిఫాం, లోదుస్తులు, తువ్వాళ్లు ముందు. దుప్పట్లు, జీన్స్ ఎండ వచ్చేదాకా ఆగనివ్వండి. విడిచిన తడి బట్టలను బుట్టలో కుక్కకుండా దండెం మీద వేసి ఉంచితే ఉతికేలోపు బూజు పట్టవు.

సబ్బు. పౌడర్ ఎక్కువ వేస్తే నురగ బట్టలోనే ఉండిపోయి తడి వాసన పెరుగుతుంది. మామూలుగా వేసే దానికంటే కొంచెం తగ్గించి, చివరిసారి జాడించడం మటుకు బాగా చేయండి. మెషిన్ ఉంటే స్పిన్ రెండుసార్లు తిప్పండి.

పిండటం. మెషిన్ లేకపోతే ఈ పద్ధతి చూడండి. పొడి తువ్వాలు మంచం మీద పరిచి, దాని మీద పిండిన చొక్కా చాపలా పరవండి. రెండూ కలిపి చాప చుట్టినట్టు గట్టిగా చుట్టి, రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పండి. విప్పి చూస్తే తువ్వాలు బరువెక్కి, చొక్కా సగం ఆరినట్టుంటుంది. చేతికి అంటుకునే చల్లదనం మాత్రమే మిగులుతుంది. తర్వాత ఫ్యాను కింద రెండు మూడు గంటలు చాలు.

ఆరేయడం. పడుకునే గదిలో దండెం కట్టకండి. ఆ తేమంతా రాత్రికి పరుపులోకి పోతుంది, ఆయాసం ఉన్నవాళ్లకు మరీ ఇబ్బంది. వరండాలోనో హాల్లోనో కట్టండి. బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. చొక్కాలు హ్యాంగర్లకు తగిలించండి, ప్యాంట్లు తిరగేసి జేబులు బయటికి లాగండి. ఫ్యాను వేసి, ఎదురెదురుగా రెండు కిటికీలు కొంచెం తెరవండి. కిటికీలన్నీ బిగించి ఫ్యాను వేస్తే తడి గాలే గదిలో గిరగిరా తిరుగుతుంది.

ఇస్త్రీ. ముప్పావు ఆరిన నూలు బట్టకు ఇస్త్రీ చేసి, వెంటనే మడవకుండా పావుగంట తగిలించి ఉంచండి. వేడి మీద మడిచి బీరువాలో పెడితే లోపల ఆవిరి పట్టి మళ్లీ వాసన వస్తుంది.

తువ్వాళ్లు. మందపాటి టర్కీ టవళ్లు ఈ రెండు నెలలు అటక మీద పెట్టేయండి. పల్చటి నూలు తువ్వాళ్లు మనిషికి రెండు చాలు. ఇంత చిన్న మార్పుకి స్నానం చేసొచ్చాక ఎంత సుఖంగా ఉంటుందో చేసి చూస్తే తెలుస్తుంది.

బీరువాలో ముద్దకర్పూరం బిళ్లలు నాలుగు గుడ్డలో మూటగట్టి, పిల్లలకు అందకుండా పై అరలో పెట్టండి. బీరువాను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి నూలు గుడ్డలో చుట్టడం మేలు.

## 5. ఇల్లంతా వద్దు, ఒక మూల చాలు

తడి రోజుల్లో ఇల్లంతా హాయిగా ఉంచడం కుదరని పని. ఒకే ఒక మూల ఎంచుకుని దాన్ని పూర్తిగా సరిచేయండి.

ఎక్కడ? ఈ కాలంలో గాలివాన ఎక్కువగా తూర్పు, ఉత్తరం దిక్కుల నుంచి కొడుతుంది. కాబట్టి పడమర గాని దక్షిణం గాని గోడ వైపు మూల వెతకండి. తుపాను దాటాక గాలి దిశ మారుతుంది, ఆ ఒక్క రోజుకు సర్దుకోవాలి. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. చెమ్మగా తగిలితే ఆ మూల వద్దు.

మూలలో ఉండాల్సినవి:

- నేలకు ఎత్తుగా నవారు మంచమో దివానో. నేల మీదే కూర్చోవాలంటే చాప కింద ప్లాస్టిక్ పట్ట
- పాత నూలు చీరలతో కుట్టిన బొంత. కొత్త ఊలు దుప్పట్లు మన తేమకు బరువుగా, చిరచిరగా ఉంటాయి. బొంత తేలిక, ఉతికితే ఆరుతుంది
- పసుపు రంగు వెలుతురిచ్చే చిన్న బల్బు. సాయంత్రం ఆరు తర్వాత తెల్లటి ట్యూబ్‌లైట్ ఆపేసి దీన్ని వేయండి
- చేతికందే దూరంలో ఫ్లాస్కు, ఒక డబ్బాలో తినడానికి ఏదైనా

ఆ మూలలో ఫోన్ ఛార్జర్ పెట్టకండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే మాట. ఛార్జర్ ఉన్నచోట ఫోన్, ఫోన్ ఉన్నచోట వార్తలు, వార్తలున్నచోట టెన్షన్.

## 6. వంటింట్లో: కరెంటు పోయినా నడిచే తిండి

మిక్సీ మీద ఆధారపడిన వంటలన్నీ కరెంటుతోపాటే ఆగిపోతాయి. అందుకే పొడులు ముందే కొట్టి పెట్టుకోవాలి. కందిపొడి, కరివేపాకు పొడి, పుట్నాల కారం, ఈ మూడూ గాజు సీసాల్లో ఉంటే వేడి అన్నం, నెయ్యి, ఒక పొడి, పక్కన అప్పడం. ముసురు పూట భోజనానికి ఇంకేం కావాలి! ఎర్ర కారం నూరి పెట్టుకుంటే పెనం మీద కారం దోశ కూడా పది నిమిషాల పని. సీసాలోకి తడి చెంచా పోనివ్వకండి. ఉప్పు డబ్బాలో కాసిని బియ్యపు గింజలు వేస్తే నీరెక్కకుండా ఉంటుంది.

మిరియాల చారు (నలుగురికి)

1. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిసికి, మొత్తం లీటరు నీళ్లు అయ్యేలా కలపండి. పసుపు, ఉప్పు వేసి పచ్చివాసన పోయేదాకా మరిగించండి.
2. చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా వద్దు.
3. దంచింది చారులో వేసి మంట తగ్గించండి. అంచుల నుంచి నురగ లేచి మధ్యకు చేరుతుంటే అప్పుడే దించేయండి.
4. నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు వేసి మూత పెట్టండి. అయిదు నిమిషాలు ఆగి తీయండి.

చాలామంది చేసే తప్పు మూడో అంచెలో ఉంది. మిరియం వేశాక గళగళా మరిగిస్తే కమ్మదనం ఆవిరైపోయి చేదు, ఘాటు మిగులుతాయి. అప్పటికే మరిగిపోతే చిన్న బెల్లం ముక్క, అర గ్లాసు కందికట్టు కలిపితే సర్దుకుంటుంది.

ధనియాల కాఫీ

సాయంత్రం నాలుగు దాటాక మామూలు కాఫీ తాగితే కొందరికి నిద్ర రాదు. వాళ్లకు ఇది. నాలుగు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, ఆరు మిరియాలు, చిన్న శొంఠి ముక్క సన్న సెగ మీద వేయించి పొడి కొట్టుకోండి. గ్లాసు నీళ్లకు అర చెంచా పొడి, మూడు నాలుగు నిమిషాలు మరగాలి. వడగట్టాక బెల్లం కలపండి, పాలు కావాలంటే విడిగా కాచి చివర్న పోయండి. పాలూ బెల్లం కలిపి పొయ్యి మీద మరిగిస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం లేకుండానే తాగాలి.

చేపల పులుసు గురించి ఒక మాట. సముద్రంలో వేటకు వెళ్లొద్దన్న హెచ్చరిక రాగానే మంచి చేప దొరకదు, దొరికినా నిలవది. హెచ్చరికకు ముందు రోజే తెచ్చి పులుసు పెట్టేయండి. ఈ కాలంలో పచ్చి మామిడికాయ ఉండదు, చింతపండు చిక్కగా తీస్తే సరి. మట్టి దాకలో రాత్రి పెట్టిన పులుసు మర్నాడు మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుందని మన నెల్లూరోళ్లకు చెప్పేదేముంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి బాగా మరిగించడం మరవకండి. మధ్యాహ్నం దాటాక ఉంచొద్దు.

చిరుతిండికి ఉప్పు వేసి ఉడకబెట్టిన శనక్కాయలు, బొరుగుల్లో ఉల్లిపాయ, నిమ్మరసం. బజ్జీలు రోజూ వేస్తే కడుపు బరువెక్కి మధ్యాహ్నమంతా మత్తుగా ఉంటుంది. వారానికి ఒక్కసారి, అందరూ ఇంట్లో ఉన్న పూట వేసుకోండి.

తాగే నీళ్లు మాత్రం వరద తగ్గిన వారం పాటు కాచి చల్లార్చినవే. తెర్లే దాకా కాచి, తెర్లాక ఒక నిమిషం ఉంచి దించండి.

## 7. కరెంటు పోయిన రాత్రికి

- హెచ్చరిక వచ్చిన సాయంత్రమే ఫోన్లు, పవర్ బ్యాంక్, ఛార్జింగ్ లైట్లు నింపుకోండి
- టార్చిలైటు ఇంట్లో అందరికీ తెలిసిన ఒకే చోట ఉండాలి
- కొవ్వొత్తి, కార్తీక దీపం స్టీలు పళ్లెంలో, కిటికీ తెరలకూ దోమతెరకూ దూరంగా
- ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవకండి. మూసే ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది
- ఇంట్లోకి నీళ్లొచ్చేలా ఉంటే, కాళ్లూ చేతులూ పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆపేయండి

చలికి కుంపటి వెలిగించి తలుపులు బిగించి పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. జనరేటర్ కూడా ఇంటి బయటే, కిటికీలకు దూరంగా. సాంబ్రాణి పొగ వేస్తే కిటికీ తెరిచి పావుగంటలో ముగించండి, ఉబ్బసం ఉన్నవాళ్లుంటే అసలొద్దు.

పాదాలకు వేడినీళ్లు మాత్రం ఇంత తేలికైన సుఖం ఇంకోటి లేదు. చిన్న టబ్బులో మడమలు మునిగేంత గోరువెచ్చటి నీళ్లు, గుప్పెడు కళ్లుప్పు, పది నిమిషాలు. వేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలకు కొబ్బరినూనె రాసి పడుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి నీళ్ల వేడి ఇంకొకరు చేతితో చూడాలి.

## 8. వార్తలకు వేళ పెట్టుకోండి

అల్పపీడనం అన్న ప్రతిసారీ తుపాను రాదు. అది బలపడితే వాయుగుండం, ఆపై తీవ్ర వాయుగుండం, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను. చాలా అల్పపీడనాలు నాలుగు జల్లులు కురిపించి పోతాయి. ఈ మెట్లు తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

వాతావరణ శాఖ రంగులూ గుర్తుంచుకోండి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే చేయాల్సింది చేయండి.

తుపాను ఉన్నప్పుడు కూడా బులెటిన్లు మామూలుగా మూడు గంటలకోసారి వస్తాయి. మధ్యలో టీవీ ముందు కూర్చున్నా కొత్త సంగతి తెలియదు, పాత దృశ్యాలే తిరుగుతాయి. మామూలు ముసురులో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. ఎర్ర హెచ్చరిక రోజున మూడు గంటలకోసారి. స్కూలు సెలవు గురించి వాట్సాప్‌లో తిరిగే ఫొటోను నమ్మకుండా బడి వాళ్లనే అడగండి. ఖాళీ చేయమని అధికారులు చెప్తే ఈ మార్గదర్శిలోని హాయి సంగతులన్నీ పక్కన పెట్టి కదలండి.

## 9. పిల్లలు, పెద్దవాళ్లు

పిల్లలకు పొద్దుట్నుంచీ టీవీ ఇస్తే సాయంత్రానికి ఇల్లు రణరంగం. పొద్దున ఒక గంట బడి పుస్తకాలు, తర్వాత అష్టాచెమ్మా, వైకుంఠపాళి. చింతగింజలు ఒక డబ్బాలో దాచిపెడితే వామనగుంతలు ఆడొచ్చు. అవ్వను కూడా ఆటలోకి పిలవండి, ఆమెకు మీకు తెలియని ఎత్తులు తెలిసుంటాయి.

ముసురులో పెద్దవాళ్లకు కీళ్లనొప్పులు ఎక్కువంటారు. పొద్దున్నే మోకాళ్లకు వేడి కాపడం, బాత్రూం నేల మీద జారని పట్టా. వాకింగ్ ఆగిపోతే వరండాలోనే నెమ్మదిగా అటూ ఇటూ ఇరవై నిమిషాలు.

పంట పోయిందనో అప్పు పెరిగిందనో ఇంట్లో ఎవరైనా నిద్ర, తిండి మానేసి, మాట తగ్గించి రెండు వారాలకు పైగా అలాగే ఉంటే కాఫీ, కబుర్లతో సరిపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ మీరే కలిపి, వాళ్ల పక్కన కూర్చోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

పరుపు చల్లగా, తడిగా తగులుతోంది. పక్క దుప్పటి తీసి, పరుపు గోడకు నిలబెట్టి గంట ఫ్యాను వేయండి. పొద్దున లేవగానే పక్క సర్దేయకుండా అరగంట ఆరనివ్వండి.

గోడకు నల్ల బూజు. పొడిగుడ్డతో దులిపితే గదంతా ఎగురుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, ఆరబెట్టండి. మళ్లీ అక్కడే వస్తుంటే పైన డాబాలోనో పైపులోనో లీకు ఉన్నట్టు.

చెక్కలు, జంతికలు మెత్తబడ్డాయి. మూకుడు వేడి చేసి, నూనె లేకుండా సన్న సెగ మీద రెండు నిమిషాలు తిప్పండి. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి.

## 11. ఎండ పొడ వచ్చిన పూట

నాలుగు రోజుల ముసురులో ఒక్కోసారి రెండు గంటలు ఎండ కాస్తుంది. ఆ రెండు గంటల్లో ఏది ముందో తేల్చుకుని ఉంచండి:

1. దిండ్లు, బొంతలు డాబా మీదికి. గంటకు తిరగేయాలి
2. కిటికీలు, బీరువా తలుపులు బార్లా తెరవడం
3. చెప్పులు, స్కూలు బూట్లు, బ్యాగులు బోర్లించి ఎండబెట్టడం
4. గడప దగ్గరి గోనెపట్టా దులిపి ఆరేయడం
5. పప్పులు, బియ్యం డబ్బాలు తెరిచి పురుగు చూసుకోవడం
6. సోలార్ లైట్లు ఎండలో పెట్టడం

మబ్బు మళ్లీ కమ్ముకుంటే ముందు దిండ్లు దించండి, వాటికి తడి తగిలితే రాత్రి నిద్ర పోతుంది. మిగతావి ఆ తర్వాత.